మానసిక ఆరోగ్య సదస్సులు, శిక్షణలు: ఏ సర్టిఫికెట్ ఏ లెక్కలోకి వస్తుంది?

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో సైకాలజీ, నర్సింగ్, సోషల్ వర్క్ చదివేవారి ఫోన్లకు వారానికి నాలుగైదు కరపత్రాలు వస్తున్నాయి. న్యూరోసైన్స్ జాతీయ సదస్సు, కౌన్సెలింగ్ సర్టిఫికెట్ కోర్సు, ఒక్కరోజు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల రికార్డింగ్) వర్క్‌షాప్, ఆత్మహత్యల నివారణపై వెబినార్ అంటూ అన్నీ ఒకే రంగుల్లో, ఒకే హామీలతో ఉంటాయి. రుసుము వంద రూపాయల లోపు నుంచి వేల రూపాయల దాకా ఉంటుంది. కాలేజీ యాజమాన్యాలకూ ఇలాంటి ప్రతిపాదనలు వెళ్తున్నాయి. వీటిలో దేనికి విలువ ఉందో, ఎవరికి ఉందో కరపత్రం చూస్తే తెలియదు.

క్లుప్తంగా

సర్టిఫికెట్ విలువ దానిపై ఉన్న పేరును బట్టి కాక, ఏ రిజిస్టర్ దాన్ని లెక్కలోకి తీసుకుంటుందనే దాన్ని బట్టి ఉంటుంది. డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్, క్లినికల్ సైకాలజిస్టులకు పునరావాస మండలి, విద్యార్థులకు విశ్వవిద్యాలయం వేర్వేరు లెక్కలు నడుపుతాయి. ఏ వర్క్‌షాప్ సర్టిఫికెట్టూ చికిత్స చేసే హక్కు ఇవ్వదు. పరిశోధన సమర్పించాలంటే సదస్సు తేదీకి కనీసం తొమ్మిది, పది నెలల ముందే పని మొదలు కావాలి.

గిరాకీ ఎక్కడి నుంచి వచ్చింది

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన ఒక నీట్ విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా అవే అమలులో ఉంటాయని చెప్పింది. వాటిలో రెండు శిక్షణ బజారును నేరుగా కదిలించాయి.

మొదటిది నియామకం. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలి. ఆ వ్యక్తికి పిల్లలు, కౌమారుల మానసిక ఆరోగ్యంలో చూపించగలిగే శిక్షణ ఉండాలి. వందలోపు విద్యార్థులున్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం ఏర్పరచుకోవాలి. రెండోది సిబ్బంది శిక్షణ. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ధ్రువీకృత మానసిక ఆరోగ్య నిపుణులు శిక్షణ ఇవ్వాలి.

గూడవల్లి, నిడమానూరు, గొల్లపూడి చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ కాలేజీలు, బ్రాడీపేట, అరండల్‌పేట కోచింగ్ కేంద్రాలు అన్నీ ఈ పరిధిలోకి వస్తాయి. అయితే ఆ ‘చూపించగలిగే శిక్షణ’ ఎన్ని గంటలు ఉండాలి, ఎవరి గుర్తింపు ఉండాలి అన్నది మార్గదర్శకంలో విడమరచి లేదు. సర్టిఫికెట్ల వ్యాపారం పెరుగుతున్నది సరిగ్గా ఈ ఖాళీలోనే. వారాంతపు కోర్సు పూర్తి చేసినవారు కూడా కాలేజీ కౌన్సెలర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారు. దాన్ని కాదనడానికి ఏ ప్రమాణం వాడాలో ప్రిన్సిపాళ్లకు స్పష్టంగా తెలియదు.

దీని వెనక పాత కొరత ఒకటి ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అందుకే స్థానిక సదస్సుల్లో రాష్ట్రం గణాంకాలంటూ చూపే స్లైడ్లలో ఆ సర్వే పేరు కనిపిస్తే కొంచెం ఆగి చూడాలి.

ఒకదానిలో జమ అయినది మరోదానిలో కనిపించదు

బ్యాంకు పాస్‌బుక్కులు ఎలాగో ఈ రిజిస్టర్లూ అంతే. ఒకదానిలో వేసిన మొత్తం మరోదానిలోకి రాదు.

డాక్టర్ల సంగతి తేలిక. 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం ఐదేళ్లలో 30 గంటల నిరంతర వైద్య విద్య పూర్తి కావాలి. విజయవాడ కేంద్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ రెన్యువల్‌కు క్రెడిట్ అవర్స్ చూస్తుంది. కార్యక్రమానికి ముందే నిర్వాహకులు కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. కరపత్రంలో ‘క్రెడిట్ అవర్స్‌కు దరఖాస్తు చేశాం’ అని ఉంటే అనుమతి ఇంకా రాలేదనే అర్థం. ఎన్ని గంటలు మంజూరయ్యాయో అంకెతో రాసి ఉన్నప్పుడే ఆ గంటలను లెక్కలో పెట్టుకోవచ్చు.

క్లినికల్ సైకాలజిస్టుల విషయం ఇంతకన్నా చిక్కు. 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, కేంద్ర రిజిస్టర్‌లో పేరున్నవారే ఆ వృత్తి చేయాలి. రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే ఐదేళ్లలో 100 సీఆర్‌ఈ (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు కావాలి. ఆర్‌సీఐ ముందుగా ఆమోదించిన కార్యక్రమాలకే ఆ పాయింట్లు వస్తాయి. అంతర్జాతీయ ప్రొఫెసర్ వచ్చి మాట్లాడిన సదస్సైనా ఆమోదం లేకపోతే సున్నా. ఒక చిన్న జిల్లా కేంద్రంలో ఆమోదంతో జరిగిన మూడు రోజుల శిక్షణకు మాత్రం పాయింట్లు ఉంటాయి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో అందులోనే నిర్వచించారు: ఆర్‌సీఐ గుర్తించిన అర్హత ఉండాలి, లేదా సైకాలజీ పీజీ తర్వాత పర్యవేక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల ఎంఫిల్ ఉండాలి. ఎమ్మెస్సీ సైకాలజీకి ఆరు నెలల డిప్లొమా కలిపినా ఆ నిర్వచనంలోకి రాదు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఎంఫిల్ దారి కూడా మారుతోంది. 2022 నిబంధనలతో యూజీసీ ఎంఫిల్‌ను రద్దు చేసి, క్లినికల్ సైకాలజీకీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కూ మాత్రం 2025–26 ప్రవేశాల వరకు గడువు పొడిగించింది. దాని స్థానంలో ఆర్‌సీఐ రెండేళ్ల ఎంఏ క్లినికల్ సైకాలజీ వంటి కొత్త కోర్సులను రూపొందించింది. కాబట్టి ‘ఎంఫిల్ ప్రవేశ పరీక్షకు కోచింగ్’ అనే ప్రకటన కనిపిస్తే, అది ఏ ఏడాది ప్రవేశాలకో, ఏ సంస్థకో ముందు తెలుసుకోవాలి.

మిగిలిన సైకాలజిస్టులు, కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం పరిధిలోకి వస్తారు. ఆ చట్టం ప్రభావం ఒకటి ఇప్పటికే కనిపించింది. 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీ సహా ఈ చట్టం పరిధిలోని సబ్జెక్టులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని యూజీసీ ఆదేశించింది. ఆ తేదీ తర్వాత దూరవిద్యలో ఎమ్మెస్సీ సైకాలజీ సీటు ఇస్తామనేవారి దగ్గర చేరితే డిగ్రీయే ఇబ్బందిలో పడుతుంది.

విద్యార్థులకు ఉపయోగపడే లెక్క ఇంకొకటి ఉంది. స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికపై ఉండే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో చేరడం ఉచితం, పరీక్షకు రూ.1,000. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 తెచ్చుకోవాలి. పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. నాలుగు వారాల కోర్సుకు ఒకటి, ఎనిమిది వారాలకు రెండు, పన్నెండు వారాలకు మూడు క్రెడిట్లు. మెదడు, ప్రవర్తన, కాగ్నిటివ్ సైన్స్ మీద ఐఐటీల ఆచార్యులు చెప్పే కోర్సులు ఇందులో దొరుకుతాయి. అదే మొత్తానికి వచ్చే పది వెబినార్ సర్టిఫికెట్ల కన్నా దీని బరువు చాలా ఎక్కువ.

ఒక్కరోజు వర్క్‌షాప్‌లో చేతికి ఎంత పని తగులుతుంది

కరపత్రంలో ‘హ్యాండ్స్ ఆన్’ అనే మాట కనిపిస్తే యంత్రాలెన్ని, మనుషులెందరు అని అడగాలి.

ఈఈజీ వర్క్‌షాప్‌నే తీసుకుందాం. 10–20 పద్ధతిలో తలమీద 21 చోట్ల ఎలక్ట్రోడ్లు పెడతారు. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక ఉబ్బు వరకు టేపుతో కొలిచి, ఆ దూరంలో 10 శాతం, 20 శాతం చొప్పున గుర్తులు పెడతారు. ఆ దూరం 36 సెంటీమీటర్లయితే మొదటి గుర్తు 3.6 దగ్గర, తర్వాతివి 7.2 చొప్పున వస్తాయి. చర్మాన్ని శుభ్రం చేసి, పేస్టు పెట్టి, ఇంపీడెన్స్‌ను, అంటే ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య ఉండే విద్యుత్ నిరోధాన్ని, 5 కిలో ఓమ్‌ల లోపుకు తేవాలి. ఇటీవలి మార్గదర్శకాలు 10 వరకూ ఒప్పుకుంటాయి. కొత్తవారికి ఇదంతా నలభై నిమిషాల పని. మూడు గంటల ప్రాక్టికల్‌లో ఒక యంత్రం మీద నలుగురికి మించి అవకాశం రాదు. ముప్పై మందికి రెండు యంత్రాలుంటే ఎనిమిది మంది చేస్తారు, ఇరవై రెండు మంది చూస్తారు. చూసినవారికీ చేసినవారికీ సర్టిఫికెట్ ఒకటే.

చెడిపోయే చోట్లు కూడా తెలిసినవే. తలకు కొబ్బరినూనె రాసుకుని వచ్చిన వాలంటీర్‌కు ఎంత రుద్దినా ఇంపీడెన్స్ దిగదు. ముందురోజు షాంపూతో తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మని చెప్పాలి. హోటల్ హాల్లో ఏసీ, ల్యాప్‌టాప్ ఛార్జర్లు, లైట్ల వల్ల 50 హెర్ట్జ్ కరెంటు రొద రికార్డింగ్‌లోకి ఎక్కుతుంది. ఎలక్ట్రోడ్ల ఇంపీడెన్స్‌లో తేడాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ రొద ఇంకా పెరుగుతుంది. నిర్వాహకులు వెంటనే ఆ 50 హెర్ట్జ్‌ను కోసేసే నాచ్ ఫిల్టర్ వేసి స్క్రీన్‌ను శుభ్రంగా చూపిస్తారు. నేర్చుకోవాల్సింది మాత్రం ఆ రొద ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం. ఇలాంటి శిక్షణకు హోటల్ కన్నా ఆసుపత్రిలోని ఈఈజీ గది మేలు.

డిప్రెషన్‌కు వాడే, అయస్కాంత పల్సులతో మెదడును ప్రేరేపించే ఆర్‌టీఎంఎస్ వర్క్‌షాప్‌లు ఈమధ్య పెరిగాయి. నుదుటి వెనక ఎడమ భాగంపై 10 హెర్ట్జ్ వేగంతో, సెషన్‌కు 3,000 పల్సులు, 37.5 నిమిషాలు అన్నది పాత ప్రామాణిక పద్ధతి. 600 పల్సులను సుమారు మూడు నిమిషాల్లో ఇచ్చే కొత్త పద్ధతి కూడా ఉంది. ఒక రోజులో నిజంగా నేర్చుకోగలిగేది మోటార్ థ్రెషోల్డ్ కనుక్కోవడం, అంటే పదిసార్లు ఇస్తే ఐదుసార్లు బొటనవేలు కదిలేంత కనిష్ఠ శక్తి ఎంతో తేల్చడం. తలలో లోహపు పరికరాలు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మూర్ఛ చరిత్ర గురించి రోగిని అడిగే పద్ధతి కూడా నేర్పాలి. మూర్ఛ వస్తే ఏం చేయాలో చూపించని వర్క్‌షాప్ సగం వర్క్‌షాపే. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా యంత్రం నడిపే హక్కు ఇది ఎవరికీ ఇవ్వదు.

మాటల ద్వారా చేసే చికిత్సల శిక్షణలో లోటు ఇంత తేలిగ్గా బయటపడదు. రెండు రోజుల సీబీటీ (ఆలోచనా తీరు, ప్రవర్తనలను మార్చే చికిత్స) వర్క్‌షాప్ తర్వాత పాల్గొన్నవారి ఆత్మవిశ్వాసం పెరుగుతుంది. నైపుణ్యం అంతగా పెరగదు, పెరిగినా నిలవదు. మారాలనే ప్రేరణను రోగి నోటే పలికించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి మీద విలియం మిల్లర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పరీక్షించింది. వర్క్‌షాప్‌తో ఆపేసినవారికన్నా, ఆ తర్వాత తమ సెషన్ల రికార్డింగుల మీద అభిప్రాయం, ఫోన్లో కోచింగ్ అందుకున్నవారిలో నైపుణ్యం మెరుగ్గా నిలిచింది. అందువల్ల కరపత్రంలో వక్తల ఫొటోలకన్నా చివరి పంక్తి ముఖ్యం: వర్క్‌షాప్ అయిపోయాక నెలకు ఎన్ని గంటల సూపర్‌విజన్ ఉంటుంది, ఎన్ని నెలలు? రోల్‌ప్లేలు ఏ భాషలో జరుగుతాయన్నదీ అడగాలి. నిద్రపట్టడం లేదని, గుండె దడగా ఉందని, తల బరువెక్కిందని తెనాలి నుంచి వచ్చిన రోగి తెలుగులో చెబుతుంటే, ఆ సంభాషణ నడపడాన్ని ఇంగ్లిష్ రోల్‌ప్లేలో సాధన చేయలేరు.

ప్రభుత్వ రంగంలో దీనికి కొంత జవాబు ఉంది. నిమ్హాన్స్ డిజిటల్ అకాడమీ డాక్టర్లు, నర్సులు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లకు దూరం నుంచే శిక్షణ ఇస్తుంది. ఉపన్యాసాలతో ఆపకుండా, పాల్గొన్నవారు తమ దగ్గరి కేసులను సమర్పించి నిపుణులతో చర్చించే పద్ధతి అక్కడ ఉంటుంది. ప్రత్యేక నిపుణులు కానివారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఎంహెచ్‌గ్యాప్ మార్గదర్శిని కూడా ఉచితంగా దొరుకుతుంది.

క్యాలెండర్‌ను వెనక నుంచి లెక్కించాలి

ఈ రంగంలో కార్యక్రమాలు ఏడాదంతా సమానంగా ఉండవు. ఫిబ్రవరి రెండో సోమవారం మూర్ఛ దినం, మార్చిలో బ్రెయిన్ అవేర్‌నెస్ వీక్, జులై 22న ప్రపంచ మెదడు దినం, సెప్టెంబరు 10న ఆత్మహత్యల నివారణ దినం, సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినం, అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం. కాలేజీల కార్యక్రమాలు ఈ తేదీల చుట్టూ గుమిగూడుతాయి. వీటిలో ఎక్కువ భాగం అవగాహన కోసమే తప్ప శిక్షణ కోసం కాదు. అసలు విద్యా సదస్సుల లెక్క వేరు. భారత మానసిక వైద్యుల సంఘం జాతీయ సదస్సు సాధారణంగా జనవరిలో, న్యూరాలజికల్ సొసైటీ సదస్సు సాధారణంగా డిసెంబరులో, అమెరికాలోని సొసైటీ ఫర్ న్యూరోసైన్స్ సమావేశం సాధారణంగా అక్టోబరు–నవంబరులో ఉంటాయి. యూరప్ వారి ఫెన్స్ ఫోరం రెండేళ్లకోసారి. 2024లో వియన్నాలో జరిగింది, 2026లో జులై 7 నుంచి 11 వరకు బార్సిలోనాలో.

జనవరి సదస్సులో పోస్టర్ పెట్టాలనుకునే గుంటూరు పీజీ విద్యార్థి లెక్క ఇలా ఉంటుంది. అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) గడువు సదస్సుకు మూడు, నాలుగు నెలల ముందు ముగుస్తుంది. అప్పటికి ఫలితాలు చేతిలో ఉండాలి. డేటా సేకరణకు మూడు నెలలు, ఎథిక్స్ కమిటీ అనుమతికి ఒకటి నుంచి మూడు నెలలు. అంటే ప్రతిపాదన ఫిబ్రవరి, మార్చిలోనే కమిటీ ముందుకు వెళ్లాలి. ఆగస్టులో కరపత్రం చూసి ఉత్సాహపడితే ఆ ఏడాదికి ఆలస్యమే. ‘ఫలితాలు సదస్సులో చర్చిస్తాం’ అని రాసిన అబ్‌స్ట్రాక్టులు తిరస్కరణకు గురయ్యేది ఇందుకే.

ఎథిక్స్ దగ్గర తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మూడొందల మంది విద్యార్థులకు గూగుల్ ఫారంలో పీహెచ్‌క్యూ–9 అనే డిప్రెషన్ ప్రశ్నావళి పంపి, స్కోర్లు లెక్కగట్టి పేపర్ రాస్తారు. 0 నుంచి 27 వరకు ఉండే ఆ స్కోరు 10 లేదా అంతకు మించితే డిప్రెషన్ ఉండే అవకాశం ఉందంటారు. కానీ తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి అడుగుతుంది. దానికి ‘దాదాపు ప్రతిరోజూ’ అని జవాబిచ్చిన విద్యార్థిని ఎవరు, ఎన్ని గంటల్లో సంప్రదిస్తారు? పేర్లు తీసుకోని ఫారంలో అది అసాధ్యం. ఈ ఏర్పాటు ప్రతిపాదనలో లేకపోతే మంచి కమిటీ ఫైలు వెనక్కి పంపుతుంది, పంపాలి కూడా.

ప్రయాణం సంగతీ ఈ లెక్కలోనిదే. రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. జనవరి సదస్సు సంక్రాంతికి దగ్గరగా పడితే విజయవాడ మీదుగా వెళ్లే రైళ్లలో బెర్తు దొరకడం అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం కన్నా కష్టం. బెంగళూరు సదస్సులకు గుంటూరు మీదుగా వెళ్లే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అందుబాటులో ఉంది. రుసుము చెల్లించేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపి ఉందో లేదో, అబ్‌స్ట్రాక్ట్ తిరస్కరిస్తే డబ్బు తిరిగి వస్తుందో లేదో చూసుకోవాలి.

ఇల్లు కదలకుండా నేర్చుకోవాలనుకునే బీటెక్, ఎమ్మెస్సీ విద్యార్థులకు జులైలో మూడు వారాలపాటు నడిచే న్యూరోమ్యాచ్ అకాడమీ ఉంది. 2020లో మొదలైన ఈ ఆన్‌లైన్ పాఠశాలలో చిన్న బృందాలుగా, రోజంతా కోడ్ రాస్తూ మెదడు డేటాను విశ్లేషిస్తారు. రుసుమును దేశాన్ని బట్టి తగ్గిస్తారు. పైథాన్ రాకపోతే మాత్రం రెండో రోజుకే వెనకబడతారు. ప్రయోగశాల అనుభవం కావాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ మంచి దారి. దరఖాస్తులు ముందు ఏడాది శీతాకాలానికే ముగుస్తాయి.

పేరుకే అంతర్జాతీయం

నకిలీ సదస్సుల ఆదాయం రిజిస్ట్రేషన్ రుసుము మీదే నడుస్తుంది కాబట్టి, తిరస్కరణ వారికి నష్టం. మిగిలిన గుర్తులన్నీ అందులోంచే పుడతాయి. అబ్‌స్ట్రాక్ట్ పంపిన మర్నాడే ఆమోదం వస్తుంది. న్యూరోసైన్స్, నర్సింగ్, మేనేజ్‌మెంట్, సివిల్ ఇంజినీరింగ్ ఒకే వేదికపై ఉంటాయి. అదే సంస్థ అదే తేదీన మరో నాలుగు నగరాల్లో అదే పేరుతో సదస్సు పెడుతుంది. కమిటీలో ఉన్న ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తే తన పేరు అక్కడ ఉన్నట్టే తనకు తెలియదంటారు. ‘యూజీసీ కేర్ జర్నల్‌లో ప్రచురణ’ అనే హామీ మరీ పాతబడింది. నాణ్యమైన జర్నళ్లంటూ ఇచ్చే ఆ జాబితానే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది.

కాలేజీలు ఏం అడగాలి

ఏడాదికి రెండుసార్లు జరగాల్సిన సిబ్బంది శిక్షణను గంటన్నర ప్రేరణ ఉపన్యాసంతో ముగించే ప్రమాదం ఉంది. తీర్పు కోరిన అంశాలు నిర్దిష్టంగా ఉన్నాయి: మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సంకేతాలను గుర్తించడం, స్వీయహాని జరిగితే స్పందించడం, నిపుణుల దగ్గరికి పంపే పద్ధతి. వీటిని సాధన చేయించాలంటే ఒక బృందంలో పాతిక మందికి మించకుండా, కనీసం మూడు గంటలు కావాలి. వార్డెన్లు, సెక్యూరిటీ, మెస్ సిబ్బంది తప్పనిసరిగా ఉండాలి. రాత్రి పదకొండు గంటలకు గది తలుపు తట్టేది లెక్చరర్ కాదు, వార్డెన్.

శిక్షకుడి రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగి, సంబంధిత రిజిస్టర్‌లో సరిచూడడానికి ఐదు నిమిషాలు పడుతుంది. శిక్షణ ముగిసేసరికి సంస్థ చేతిలో ఒక పేజీ కాగితం మిగలాలి. విద్యార్థి ప్రమాదంలో ఉన్నట్టు తెలిస్తే ఎవరు పక్కన ఉంటారు, ఎవరు తల్లిదండ్రులకు ఫోన్ చేస్తారు, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లలో ఏది దగ్గర, రాత్రివేళ వాహనం ఎవరిది అన్నవి అందులో పేర్లతో సహా ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 హాస్టల్ గోడల మీద కనిపించాలి. 24 గంటలూ పనిచేసే ఆ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు. రెండో విడత శిక్షణను ఆ కాగితాన్ని సరిచూడడంతో మొదలుపెడితే, ఆరు నెలల్లో మారిపోయిన వార్డెన్ల పేర్లు, పనిచేయని ఫోన్ నంబర్లు అక్కడే బయటపడతాయి.